అంతర పంట వేస్తే నేలలోని బాక్టీరియా మారి తెగుళ్లు తగ్గుతాయన్నది ఎంతవరకు రుజువైంది?

మట్టిపరిశీలన

సభ్యులందరికీ నమస్కారం. అంతర పంటల మీద ఏ వ్యాసం చదివినా ఒక మాట తప్పకుండా కనిపిస్తోంది: రెండు పంటలు కలిపి వేస్తే నేలలో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరుగుతుందని, అందువల్ల తెగుళ్లు తగ్గుతాయని. వైవిధ్యం పెరగడం నిజం కావచ్చు, తెగులు తగ్గడం కూడా నిజం కావచ్చు. కాని మొదటిది రెండోదానికి కారణమని ఎవరు, ఎలా తేల్చారో ఆ వ్యాసాలు చెప్పడం లేదు. పక్క పంట అడ్డుగా నిలబడి తెగులును ఆపిందో, మొక్కల మధ్య దూరం పెరగడం వల్ల తెగులు పాకలేకపోయిందో, నిజంగానే వేళ్ల దగ్గరి బాక్టీరియా పని చేసిందో విడదీసి చూపిన ప్రయోగాలు ఉన్నాయా? నేను టమాటా సాగు చేస్తాను. ఏటా కొన్ని మొక్కలు పచ్చగా ఉండగానే వడలిపోతున్నాయి. ఏదో ఒక పంటను మధ్యలో వేసి చూడమని చెప్పేవారు చాలామంది ఉన్నారు గాని, ఏ పంటను, ఎందుకు వేయాలో చెప్పేవారు కనిపించలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

వేరుచూపు

మంచి ప్రశ్న వేశారు. ముందు వేరు దగ్గర ఏం జరుగుతుందో చెప్పుకుంటే మిగతాది సులువవుతుంది.

మొక్క ఆకుల్లో తయారుచేసుకున్న కార్బన్‌లో కొంత భాగాన్ని వేళ్ల ద్వారా మట్టిలోకి వదులుతుంది. ఈ భాగం 5 నుంచి 21 శాతం దాకా ఉంటుందన్న అంచనాను తరచుగా ఉటంకిస్తారు. చక్కెరలు, అమైనో ఆమ్లాలు, సేంద్రియ ఆమ్లాలు, ఫీనాలిక్ పదార్థాలు, ఫ్లేవనాయిడ్లు ఈ స్రావాలలో ఉంటాయి. ఒక గ్రాము సారవంతమైన మట్టిలో వంద కోట్ల వరకు బాక్టీరియా ఉండవచ్చు. అయితే వాటిలో ఎక్కువ భాగం ఆహారం దొరకక నిద్రాణంగా ఉంటాయి. వేరు చుట్టూ ఉన్న కొన్ని మిల్లీమీటర్ల మట్టిలోనే వాటికి పుష్కలంగా ఆహారం అందుతుంది. ఏ పంట వేరు ఏ పదార్థాలను వదులుతుందో దాన్నిబట్టి ఆ చోట ఏ బాక్టీరియా వృద్ధి చెందుతుందో నిర్ణయమవుతుంది. ఏటా ఒకే పంట వేస్తే అవే స్రావాలు, వాటికి అలవాటుపడిన అవే జీవులు, వాటితోపాటు ఆ పంట మీదే బతికే తెగులు కారకాలు పోగుపడతాయి. పక్కన మరో జాతి పంట వేరు చేరినప్పుడు ఆ మిశ్రమం మారుతుంది.

ఇక్కడ మీ సందేహానికి సరిపడే ఉదాహరణ ఒకటుంది. పుచ్చకు ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల ఎండు తెగులు వస్తుంది. ఆరుతడి వరిని పుచ్చ పక్కన పెంచినప్పుడు ఈ తెగులు బాగా తగ్గిందని చైనాలో చేసిన ప్రయోగాల్లో తేలింది. కారణం వెతికితే, పుచ్చ వేరు స్రావాలు ఆ శిలీంధ్రపు సిద్ధబీజాలను మొలకెత్తిస్తుండగా, వరి వేరు స్రావాలు వాటిని మొలకెత్తనివ్వడం లేదని కనిపించింది. వరి స్రావాల్లో ఉన్న పారా కౌమారిక్ ఆమ్లానికి ఆ గుణం ఉందని 2010లో చూపారు. గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఈ దారిలో బాక్టీరియా ప్రమేయం లేకుండానే వరి వేరు శిలీంధ్రాన్ని నేరుగా అడ్డుకోగలదు. తెగులు తగ్గిన ప్రతిచోటా ఆ ఘనతను బాక్టీరియాకే కట్టబెట్టడం అందువల్ల సరికాదు.

పంటరక్షణ

వేరుచూపు గారు చెప్పినదానికి నేలపైన జరిగేదాన్ని కూడా కలపాలి. ప్రపంచంలో అందరూ ఉదహరించే మిశ్రమ సాగు ప్రయోగం 1998, 1999 సంవత్సరాల్లో చైనాలోని యునాన్ రాష్ట్రంలో జరిగింది. అగ్గి తెగులుకు లొంగిపోయే జిగట వరి రకాలను, తట్టుకునే సంకర వరితో కలిపి వేలాది హెక్టార్లలో నాటారు. జిగట రకాలను విడిగా వేసిన పొలాలతో పోలిస్తే మిశ్రమంలో వాటి మీద అగ్గి తెగులు తీవ్రత 94 శాతం తగ్గింది, వాటి దిగుబడి 89 శాతం పెరిగింది. రెండో ఏడాది ముగిసేసరికి అగ్గి తెగులు మందులు కొట్టవలసిన అవసరమే అక్కడ లేకపోయింది. అది రెండు జాతుల మిశ్రమం కాదు, ఒకే జాతిలోని రకాల మిశ్రమం. అక్కడ ప్రధానంగా పనిచేసినవి నేలపైన ఉన్న కారణాలు: లొంగే మొక్కల మధ్య దూరం పెరగడం, ఎత్తు తేడా వల్ల ఆకుల మీద తేమ త్వరగా ఆరడం, తట్టుకునే మొక్కలు గాలిలో ఎగిరే సిద్ధబీజాలను అడ్డగించడం.

అంతర పంటల్లో తెగుళ్ల మీద 2013లో వెలువడిన ఒక సమీక్ష రెండు వందలకు పైగా అధ్యయనాలను పరిశీలించింది. వాటిలో 73 శాతం సందర్భాల్లో తెగులు తగ్గింది. అవి ఎక్కువగా ఆకులకు సోకే శిలీంధ్ర తెగుళ్లు. నులిపురుగుల విషయంలో ఫలితాలు అంత స్పష్టంగా లేవు. మిగిలిన సందర్భాల్లో తేడా లేకపోవడమో, తెగులు పెరగడమో జరిగింది. దట్టంగా పెరిగిన పక్క పంట గాలి ఆడనివ్వక తేమను నిలిపితే కాండం కుళ్లు, బూజు తెగుళ్లు ఎక్కువవుతాయి. అంతర పంట వేస్తే చాలు, తెగులు తగ్గుతుందని ఎవరైనా అంటే ఏ తెగులు అని ముందు అడగాలి.

కందిసాలు

మా పొలంలో కంది, జొన్న కలిపి వేసే పద్ధతి పెద్దల నుంచి వచ్చింది. కంది ఎండు తెగులు నేలలో బతికే ఫ్యుజేరియం వల్ల వస్తుంది. తెగులు సోకిన కంది మొక్కను చూస్తే మొదలు నుంచి పైకి ఊదారంగు చార ఒకటి ఎక్కుతూ ఉంటుంది. ఆ చార ఉన్నచోట బెరడు ఒలిస్తే లోపల కట్టె మీద నల్లని గీతలు కనిపిస్తాయి. ఒక్కోసారి చెట్టులో ఒక పక్క కొమ్మలు ఎండి, రెండో పక్క కొమ్మలు పూతతో నిలబడి ఉంటాయి. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1980ల్లో ఈ జోడీని పరీక్షించి, జొన్నతో కలిపి వేసిన కందిలో ఎండు తెగులు, విడిగా వేసిన కందిలో కంటే తక్కువగా ఉందని చూపారు.

నేను గమనించిన సంగతి ఒకటి ఇక్కడ అడగాలనుకుంటున్నాను. జొన్న మూడున్నర నెలలకు కోతకు వస్తుంది, కంది ఇంకా రెండు నెలలకు పైగా పొలంలో ఉంటుంది. ఎండు తెగులు బాగా బయటపడేది పూత, కాయ దశల్లో, అంటే జొన్న వెళ్లిపోయిన తర్వాతే. జొన్న వేరు బతికి ఉన్నప్పుడు చేసిన మేలు కోత తర్వాత కూడా నిలుస్తుందా? లేక జొన్న ఉన్నంతకాలం శిలీంధ్రాన్ని కంది వేరులోకి చేరనివ్వకపోవడం వల్లే తర్వాత కూడా తక్కువగా కనిపిస్తుందా?

వేరుచూపు

కందిసాలు గారూ, రెండో వివరణే ఎక్కువ సహేతుకంగా ఉంది. ఫ్యుజేరియం లేత వేళ్ల నుంచి లోపలికి ప్రవేశిస్తుంది, నీటి నాళాల్లో నెమ్మదిగా వ్యాపిస్తుంది. మొక్కకు నీటి అవసరం పెరిగే పూత దశలో నాళాలు మూసుకుపోయిన సంగతి బయటపడుతుంది. కాబట్టి మనకు ఆలస్యంగా కనిపించే ఎండుకు బీజం మొదటి నెలల్లోనే పడి ఉంటుంది, జొన్న పక్కన ఉన్నది ఆ నెలల్లోనే. అయితే జొన్న కోత తర్వాత దాని వేళ్లు మట్టిలో కుళ్లేటప్పుడు కూడా అక్కడి సూక్ష్మజీవుల మధ్య పోటీ మారుతుంది కాబట్టి ఆ ప్రభావం పూర్తిగా లేదని అనలేము.

ఈ జోడీకి ఒక హద్దు కూడా ఉంది. మాక్రోఫోమినా అనే శిలీంధ్రం జొన్నకూ సోకుతుంది, కందికీ సోకుతుంది, మొత్తంమీద ఐదు వందలకు పైగా మొక్కల జాతుల మీద బతుకుతుంది. కాటుక తెగులులా వేరునూ మొదలునూ నల్లబరిచే ఈ శిలీంధ్రం ఉన్న నేలలో, అందులోనూ బెట్ట కాలంలో, ఫ్యుజేరియం విషయంలో అందిన మేలును జొన్న నుంచి ఆశించలేము.

సూక్ష్మలోకం

బాక్టీరియా పాత్రను విడదీసి చూపిన ప్రయోగాలు ఉన్నాయా అని మట్టిపరిశీలన గారు అడిగారు. ఉన్నాయి. వాటిలో నాకు అన్నిటికంటే పకడ్బందీగా కనిపించినది 2023లో వెలువడిన టమాటా, ఉల్లి అధ్యయనం. ఒకే దుబ్బుగా గడ్డలు పెట్టే ఉల్లి రకాన్ని టమాటా పక్కన పెంచితే వెర్టిసిల్లియం అనే శిలీంధ్రం వల్ల టమాటాకు వచ్చే వడలు తెగులు తగ్గింది. పరిశోధకులు అక్కడితో ఆగలేదు. టమాటా వేరు దగ్గరి మట్టిలో ఏ బాక్టీరియా పెరిగిందో డీఎన్‌ఏ ద్వారా గుర్తించారు. ఒక బాసిల్లస్ జాతి పెరిగినట్టు తేలాక దాన్ని విడదీసి పెంచి, అది శిలీంధ్రం ఎదుగుదలను అడ్డుకుంటుందని, టమాటా మొక్కలో అంతటా నిరోధకతను మేల్కొలుపుతుందని చూపారు. రెండు పంటల వేళ్ల మధ్య అడ్డు పెట్టి, ప్రభావం వేరు స్రావాల ద్వారానే వస్తోందని నిర్ధారించారు. చివరగా ఒకే టమాటా మొక్క వేళ్లను రెండు భాగాలుగా చీల్చి వేర్వేరు గదుల్లో పెంచి, ఉల్లి వేరు వదిలే టాక్సిఫోలిన్ అనే ఫ్లేవనాయిడ్ బాసిల్లస్‌ను నేరుగా పిలవడం లేదని, టమాటా తన స్రావాలను మార్చుకునేలా చేస్తోందని, ఆ మారిన స్రావాలే బాసిల్లస్‌ను వేరు దగ్గరికి చేరుస్తున్నాయని తేల్చారు.

ఇందులో నన్ను ఎంతగానో ఆకట్టుకున్నది ఆ చివరి మెట్టు. పక్క మొక్క ఇచ్చిన సంకేతానికి టమాటా స్పందించింది, బాక్టీరియాను టమాటాయే ఎంచుకుంది. ఇలాంటిదే వేరుశనగ, కర్రపెండలం జోడీలో 2020లో కనిపించింది. కర్రపెండలం వేళ్ల నుంచి వచ్చే సయనైడ్‌ను పసిగట్టిన వేరుశనగ తన వేళ్ల నుంచి ఇథిలీన్‌ను ఎక్కువగా వదిలింది. దానితో వేరుశనగ వేరు దగ్గర కాటెనులిస్పోరా అనే ఆక్టినోబాక్టీరియా పెరిగి, మొక్కకు పోషకాలు మెరుగ్గా అందాయి. బాకలా చిక్కుడు పక్కన మొక్కజొన్న వేస్తే మొక్కజొన్న స్రావాల వల్ల చిక్కుడు వేళ్లు జెనిస్టీన్ వంటి ఫ్లేవనాయిడ్లను ఎక్కువగా వదిలి, గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే రైజోబియం బాక్టీరియా ఉండే వేరు బుడిపెలు పెరిగాయని 2016లో చూపారు. ఈ రెండూ తెగులుకు సంబంధించినవి కాకపోయినా, పక్క పంట తన పొరుగు మొక్క వేరు దగ్గరి బాక్టీరియాను మార్చగలదని గట్టిగా నిరూపిస్తున్నాయి.

పంటరక్షణ

టమాటా, ఉల్లి ప్రయోగం గొప్పదే, కాదనను. అయితే ఆ స్థాయిలో మెట్టు మెట్టుగా రుజువు చేసినవి వేళ్ల మీద లెక్కించదగినన్ని మాత్రమే. మిగతావి చాలావరకు ఒకే నమూనాలో ఉంటాయి: ఏకపంట మట్టినీ అంతర పంట మట్టినీ తెచ్చి, బాక్టీరియా డీఎన్‌ఏను చదివి, ఫలానా వర్గం పెరిగింది, తెగులు తగ్గింది, కాబట్టి ఆ వర్గమే కారణమని ముగిస్తారు. ఈ వాదనలో నాకు మూడు చిక్కులు కనిపిస్తాయి.

మొదటిది, డీఎన్‌ఏ చదవడం వల్ల వచ్చేవి వాటాలే గాని సంఖ్యలు కావు. ఒక వర్గం సగానికి పడిపోతే మిగతావన్నీ పెరిగినట్టు లెక్కల్లో కనిపిస్తాయి, నేలలో అవి ఒక్కటి కూడా పెరగకపోయినా సరే. రెండోది, మట్టిలో చనిపోయిన జీవుల డీఎన్‌ఏ చాలాకాలం నిలుస్తుంది. 2016లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం మట్టిలోని సూక్ష్మజీవుల డీఎన్‌ఏలో సగటున 40 శాతం బతికి లేని కణాలదే. మూడోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: కారణమూ ఫలితమూ తారుమారయ్యే అవకాశం. ఆరోగ్యంగా ఉన్న వేరు ఒక రకం స్రావాలను, కుళ్లుతున్న వేరు మరో రకం స్రావాలను వదులుతాయి. తెగులు తగ్గింది కాబట్టే బాక్టీరియా అలా ఉండవచ్చు.

నీటివాటా

నాదొక చిన్న సందేహం. వైవిధ్యం పెరగడమే మేలు అయితే, ఏళ్ల తరబడి గోధుమ మాత్రమే వేసిన పొలాల్లో వేరుకుళ్లు తగ్గిపోయిందని చదివాను. అది అంతర పంటల వాదనకు పూర్తిగా వ్యతిరేకం కదా?

వేరుచూపు

నీటివాటా గారు చెప్పింది నిజమే. టేక్ ఆల్ అని పిలిచే ఆ తెగులులో గోధుమ వేళ్లు నల్లబడి కుళ్లుతాయి, వెన్ను గింజ పట్టకుండానే తెల్లబోతుంది. వరుసగా గోధుమే వేస్తూ పోతే మొదటి కొన్ని సంవత్సరాలు తెగులు తీవ్రమవుతుంది, ఒకసారి విరుచుకుపడ్డాక దానంతట అదే తగ్గుముఖం పడుతుంది. తెగులు సోకిన వేళ్ల మీద డీఏపీజీ అనే విషపదార్థాన్ని తయారుచేసే సూడోమోనాస్ బాక్టీరియా పెరిగి, గ్రాము వేరుకు లక్ష స్థాయికి చేరినప్పుడు శిలీంధ్రాన్ని అణచివేస్తుందని కనుగొన్నారు. మధ్యలో వేరే పంట వేస్తే ఆ రక్షణ సన్నగిల్లుతుంది.

2011లో చక్కెర బీట్ మొలకలను చంపే రైజోక్టోనియా అనే శిలీంధ్రం మీద జరిగిన అధ్యయనాన్ని కూడా దీనితో కలిపి చూడాలి. తెగులును అణచే నేలలోనూ, తెగులు పెరిగే నేలలోనూ బీట్ వేళ్ల దగ్గర ముప్పై మూడు వేలకు పైగా బాక్టీరియా, ఆర్కియా (బాక్టీరియాను పోలిన మరో సూక్ష్మజీవుల వర్గం) రకాలను గుర్తించారు. రెండు నేలల్లోనూ రకాల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా లేదు. ఏ వర్గాలు ఎంత మేరకు ఉన్నాయన్నదే తేడా. తెగులును అణచే నేలను 80 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే అణచే గుణం పోయింది. అణచే మట్టిని పదో వంతు కలిపితే తెగులు పెరిగే నేలకు ఆ గుణం కొంతవరకు వచ్చింది. జీవులే కారణమని చెప్పడానికి ఇంతకంటే సూటి ఆధారం ఉండదు.

కాబట్టి మట్టిపరిశీలన గారు మొదట ఉదహరించిన వాక్యంలో సరిచేయవలసింది వైవిధ్యం అన్న భాగాన్నే. రకాల సంఖ్య ఎంత అన్నది తెగులు గురించి దాదాపు ఏమీ చెప్పదు. ఆ తెగులు కారకంతో ఆహారానికి పోటీపడేవి, దాన్ని చంపే పదార్థాన్ని తయారుచేసేవి, మొక్క నిరోధకతను మేల్కొలిపేవి తగినన్ని వేరు మీద ఉన్నాయా లేదా అన్నదే లెక్క. కొన్ని జోడీలు వాటిని పెంచుతాయి, కొన్ని పెంచవు. గోధుమ వంటి చోట ఏకపంటే పెంచింది, అయితే మధ్యలో కొన్నేళ్ల పంటను బలిచేసి.

సూక్ష్మలోకం

ఆహారపు పోటీ అన్నారు కాబట్టి ఇనుము గురించి ఒక మాట. సున్నపు నేలల్లో ఇనుము ఉన్నా మొక్కకు అందదు, అందువల్ల వేరుశనగ ఆకులు పసుపుబారుతాయి. అదే పొలంలో మొక్కజొన్న సాళ్లతో కలిపి వేస్తే, మొక్కజొన్నను ఆనుకున్న వేరుశనగ సాలు పచ్చగా, దూరంగా ఉన్న సాలు పసుపుగా కంటికి తేడా తెలిసేలా ఉంటుంది. మొక్కజొన్న వేళ్లు ఇనుమును పట్టి తెచ్చే పదార్థాలను వదలడం దీనికి కారణం.

బాక్టీరియా కూడా ఇలాగే సైడరోఫోర్లు అనే పదార్థాలతో ఇనుమును పట్టుకుంటాయి. టమాటాకు మరో రకం వడలు తెగులు తెచ్చే రాల్‌స్టోనియా అనే బాక్టీరియాకూ ఇనుము కావాలి. 2020లో వెలువడిన ఒక అధ్యయనం టమాటా వేళ్ల దగ్గరి రెండు వేలకు పైగా బాక్టీరియాను విడదీసి పరీక్షించింది. రాల్‌స్టోనియా వాడుకోలేని సైడరోఫోర్లను తయారుచేసేవి దాన్ని అణిచాయి. అది వాడుకోగలిగిన సైడరోఫోర్లను తయారుచేసేవి దానికి తోడ్పడ్డాయి. మంచి బాక్టీరియా పెంచాలని స్థూలంగా చెప్పడం ఎందుకు సరిపోదో ఇది చక్కగా చూపిస్తోంది.

మట్టిపరిశీలన

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు నా పొలానికి వస్తాను. వడలుతున్న నా టమాటా మొక్కలకు ఉన్నది ఫ్యుజేరియమా, వెర్టిసిల్లియమా, రాల్‌స్టోనియానా అన్నది ప్రయోగశాలకు పంపకుండా కొంతవరకైనా తెలుసుకునే మార్గం ఉందా? పక్కన ఏ పంట వేయాలన్నది దాని మీదే ఆధారపడి ఉన్నట్టు అర్థమవుతోంది.

పంటరక్షణ

ఉంది. వడలిన మొక్కను కాండం మొదలు దగ్గర అడ్డంగా కోసి, అరచేతి వెడల్పు ముక్కను తీసుకోండి. గాజు గ్లాసులో తేటనీరు పోసి, కోసిన కొన నీటిలో మునిగేలా ముక్కను కదలకుండా వేలాడదీయండి. రాల్‌స్టోనియా అయితే కొన్ని నిమిషాల్లోనే కోత నుంచి పాలలాంటి సన్నని తెల్లని దారాలు కిందికి జారడం కనిపిస్తుంది, కాసేపటికి నీరంతా మసకబారుతుంది. గ్లాసు వెనుక నల్లని కాగితం పెడితే ఇంకా స్పష్టంగా చూడవచ్చు. ఫ్యుజేరియం, వెర్టిసిల్లియం అయితే నాళాలు గోధుమరంగులో ఉంటాయి గాని ఆ దారాలు రావు. ఇంకొక తేడా ఏమిటంటే రాల్‌స్టోనియా సోకిన మొక్క ఆకులు పసుపుబారకుండానే ఒక్కసారిగా వాలిపోతుంది. శిలీంధ్రం సోకినది కింది ఆకుల నుంచి పసుపుబారుతూ వస్తుంది. పచ్చగా ఉండగానే వడలుతున్నాయని మీరు రాశారు కాబట్టి రాల్‌స్టోనియాను అనుమానించాలి. శిలీంధ్రాలు రెండింటిలో ఏదో తేల్చడానికి మాత్రం ప్రయోగశాల తప్పదు.

రాల్‌స్టోనియా అని తేలితే వంగ, మిరప, బంగాళాదుంప, పొగాకు దాని పక్కన వేయకండి, అవన్నీ దానికి ఆశ్రయాలే. వేరుశనగ కూడా దానికి లొంగే పంటే. దాదాపు యాభై కుటుంబాలకు చెందిన రెండు వందలకు పైగా మొక్కల్లో అది బతుకుతుంది. పైకి ఏ లక్షణమూ చూపని కలుపు మొక్కల్లోనూ ఉంటుంది. ఉల్లి కుటుంబపు పంటలు ఈ తెగులు మీద కొంత ఫలితం చూపాయి. చైనీస్ ఆకు ఉల్లిని టమాటాతో కలిపి పెంచినప్పుడు వడలు తెగులు తగ్గిందని నమోదైంది. అయితే ఇది పారే నీటితో పాకే తెగులు. పైసాలులో మొక్క వడలితే కాలువ నీరు దాన్ని కింది సాళ్లకు చేరుస్తుంది. నీటి పారుదలను సరిచేయకుండా పక్క పంట మీదే భారం వేస్తే ఫలితం ఉండదు.

కందిసాలు

టమాటా వేళ్లను పీకి చూసినప్పుడు బుడిపెలు కనిపిస్తే నులిపురుగుల సంగతి కూడా చూసుకోండి. అవి చేసిన గాయాల్లోంచే వడలు తెగుళ్లు తేలిగ్గా ప్రవేశిస్తాయి. చాలామంది బంతిని సాళ్ల మధ్య వేస్తారు. బంతి వేళ్లలో ఉండే ఆల్ఫా టెర్థియనైల్ నులిపురుగులకు విషమే. కాని టమాటాతోపాటు బంతి వేస్తే ప్రభావం తక్కువగానే ఉంటుంది, ఎందుకంటే నులిపురుగుకు పక్కనే తనకిష్టమైన వేరు దొరుకుతుంది. ముందు పంటగా బంతిని దట్టంగా వేసి, తర్వాత టమాటా నాటితే ఎక్కువ మేలు కనిపిస్తుంది. బంతి రకాల మధ్య కూడా ఈ విషయంలో తేడా ఉంది.

నీటివాటా

సాళ్ల మధ్య ఎంత దూరం ఉండాలి? అడుగు దూరంలో ఉన్న పంట వేరు స్రావాలు ఇవతలి వేరుకు చేరతాయా?

వేరుచూపు

చాలా అవసరమైన ప్రశ్న, దీన్ని అడిగేవారు తక్కువ. స్రావాల ప్రభావం మిల్లీమీటర్లలో ఉంటుంది, కాబట్టి రెండు పంటల వేళ్లు ఒకదానిలోకి ఒకటి చొరబడినప్పుడే ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా జరుగుతుంది. నాలుగు సాళ్లు ఒకటి, నాలుగు సాళ్లు మరొకటి పట్టీలుగా వేస్తే లోపలి సాళ్లకు పక్క పంట ఉన్నట్టే తెలియదు.

మొక్కజొన్న, మిరప జోడీ మీద 2014లో వచ్చిన అధ్యయనం ఈ విషయాన్ని కళ్లకు కట్టినట్టు చూపుతుంది. మిరపను కుళ్లబెట్టే ఫైటాఫ్తోరా అనే శిలీంధ్రంలాంటి జీవి సిద్ధబీజాలకు తోకలుంటాయి, తడి మట్టిలో అవి ఈదుకుంటూ వేరును వెతుక్కుంటాయి. మొక్కజొన్న వేరు వాటిని తన వైపు ఆకర్షిస్తుంది. దగ్గరికి వచ్చినవి డింబోవా, ఎంబోవా అనే పదార్థాల వల్ల ఈత ఆగి, పగిలి, మొలకెత్తకుండా నశిస్తాయి. మిరప సాలుకూ సాలుకూ మధ్య మొక్కజొన్న వేళ్లు ఒకదానికొకటి అల్లుకుని గోడలా నిలిచినప్పుడు తెగులు ఒక సాలు నుంచి మరో సాలుకు దాటలేకపోయింది. మొక్కజొన్న మొక్కలు దూరం దూరంగా ఉంటే ఆ గోడకు సందులు ఉంటాయి. ఒకే మిరప సాలులో పక్కపక్క మొక్కల మధ్య తెగులు పాకడాన్ని ఇది ఆపలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

సూక్ష్మలోకం

మట్టిపరిశీలన గారు పొలంలో పరీక్షించదలిస్తే రెండు సలహాలు. టమాటాను విడిగా వేసిన మడిలో, ఉల్లితో కలిపి వేసిన మడిలో టమాటా మొక్కల మధ్య దూరం ఒకేలా ఉంచండి. సాధారణంగా కలిపి వేసేటప్పుడు టమాటా సాళ్లను తగ్గిస్తారు. అప్పుడు తెగులు తగ్గితే అది ఉల్లి వల్లో, టమాటా పలుచబడడం వల్లో చెప్పలేము. ఒక్కొక్క రకం మడిని ఒకే చోట పెట్టకుండా పొలమంతటా చెదరగొట్టండి, ఎందుకంటే వడలు తెగులు పొలమంతా సమానంగా ఉండదు, పల్లంలో గుంపుగా ఉంటుంది.

బాక్టీరియా పాత్ర తెలుసుకోవాలంటే కుండీలు చాలు. పంట ముగిశాక రెండు రకాల మడుల నుంచి వేళ్ల దగ్గరి మట్టిని విడివిడిగా తీసుకోండి. ప్రతిదానిలో సగాన్ని ఆవిరి మీద బాగా వేడి చేసి చల్లార్చండి. నాలుగు రకాల మట్టినీ, ఒక్కొక్కటి పదో వంతు చొప్పున, తెగులు ఉన్న మట్టిలో కలిపి కుండీల్లో నింపి టమాటా నారు నాటండి. ఉల్లి మడి నుంచి వచ్చిన వేడి చేయని మట్టిలో మాత్రమే మొక్కలు తక్కువగా వడలితే అక్కడ జీవులు పని చేస్తున్నాయని నమ్మకంగా అనవచ్చు. వేడి చేసినది కూడా అంతే మేలు చేస్తే కారణం రసాయనమో పోషకమో అయి ఉంటుంది.

పంటరక్షణ

ఈ కుండీల పరీక్షకు ఒక జాగ్రత్త చేర్చాలి. వేడి చేసినప్పుడు చనిపోయిన జీవుల నుంచి నత్రజని విడుదలై మొక్కలు మొదట్లో ఏపుగా పెరుగుతాయి. ఏపైన లేత మొక్కలు వడలు తెగులుకు ఇంకా త్వరగా లొంగవచ్చు. వేడి చేసిన మట్టిని తడిపి కొన్ని రోజులు నిలవ ఉంచి, అన్ని కుండీల్లోనూ నారు ఎదుగుదల సమానంగా ఉందో లేదో చూసుకుని ఫలితాన్ని నమ్మండి. రాల్‌స్టోనియా ఉన్న కుండీల నీరు పొలంలోకి గాని, కాలువలోకి గాని పోనివ్వకండి.

మట్టిపరిశీలన

ముందు గాజు గ్లాసు పరీక్ష చేస్తాను. రాల్‌స్టోనియా అని తేలితే ఈ పంటకాలంలో నీటి కాలువను వడలిన సాళ్ల నుంచి తప్పించి, వచ్చే పంటలో టమాటా సాలు పక్కనే, వేళ్లు కలిసేంత దగ్గరగా, కొన్ని మడుల్లో ఉల్లి వేస్తాను. మిగతా మడుల్లో టమాటా దూరాలు మార్చకుండా విడిగా ఉంచుతాను. కుండీల కోసం మట్టిని వేళ్లకు అంటుకున్నంత మేరకే తీయాలా, సాళ్ల మధ్య మట్టిని కూడా కలపవచ్చా?

సూక్ష్మలోకం

సాళ్ల మధ్య మట్టిని కలపకండి. మొక్కను గడ్డపారతో మట్టిపెళ్లతో సహా లేపి, చేత్తో వదులుగా కదిపితే రాలిపోయే మట్టిని వదిలేయండి. సన్న వేళ్లకు పట్టుకుని మిగిలినదాన్నే మెత్తని బ్రష్‌తో దులిపి తీసుకోండి. కుండీలకు సరిపడా కావాలంటే చాలా మొక్కల నుంచి సేకరించవలసి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మొక్కల నుంచి మాత్రమే, అది కూడా రెండు రకాల మడుల్లోనూ ఒకే వయసు మొక్కల నుంచి తీసుకోండి, లేకపోతే పంటరక్షణ గారు ముందు చెప్పిన కారణ ఫలితాల చిక్కు మళ్లీ ఎదురవుతుంది. తీసిన మట్టిని ఎండలో ఆరబెట్టకుండా నీడలో ఉంచి, అదే రోజు కుండీల్లో కలపండి.